ఏడో నెల, రక్తం 8.2 దగ్గర ఆగింది... గోలీలు వేసుకుంటున్నా ఎందుకు పెరగట్లేదు?

జడ్చర్ల_చిన్ని:
అక్కలూ, వదినలూ, ఎవరికైనా ఇలా అయితే చెప్పండి. నాకు ఏడో నెల, మొదటి కాన్పు. నాలుగో నెలలో రక్తం, అదే హిమోగ్లోబిన్, 9.4 గ్రాములుంది, మొన్న చూపించుకుంటే 8.2. నర్సమ్మ ఇచ్చిన ఎర్ర ఐరన్ గోలీలు రోజూ వేసుకుంటున్నా, ఎప్పుడో ఒకటి రెండు రోజులు మరిచిపోయి ఉంటా అంతే. బీట్‌రూట్ జ్యూస్ రెండు పూటలా, దానిమ్మలైతే మా ఆయన కిలోలకు కిలోలు మోసుకొస్తున్నాడు. అయినా తగ్గుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. అత్తమ్మేమో "నేను నలుగుర్ని కన్న, ఏనాడన్న రక్తం చూయించుకున్ననా" అంటుంది. బిడ్డకేమన్నా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ_కోడలు:
చిన్నీ, ముందు ఒకటి చెప్పు, గోలీ ఏ టైముకు వేసుకుంటున్నావు, దేనితో వేసుకుంటున్నావు? నాకు రెండో కాన్పులో సరిగ్గా ఇదే అయింది, తప్పంతా నా చాయ్‌ది.

జడ్చర్ల_చిన్ని:
పొద్దున చాయ్ బిస్కెట్ తిన్నాక వేసుకుంటా అక్కా, ఖాళీ కడుపుతో అయితే వాంతికొస్తుందని. తెల్ల గోలీ, అదే క్యాల్షియంది, కూడా అప్పుడే వేసేసుకుంటా, రెండూ ఒకేసారి అయిపోతాయి కదా.

దేవరకొండ_కోడలు:
అయ్యో! అదే దెబ్బ కొట్టింది. చాయ్ పడితే ఐరన్ ఒంటికి పట్టదు, క్యాల్షియం పడినా అంతే. నువ్వు మింగిన గోలీ మింగినట్టే బయటికి పోతోంది. నేనైతే అంగన్‌వాడీలో భోజనం కాగానే గోలీ, ఆ వెంటనే పాల గ్లాసు, మళ్ళీ ఇంటికొచ్చి చాయ్! మూడు నెలలు మింగినా అర గ్రాము కూడా పెరగలేదు. తర్వాత రాత్రి అన్నం తిన్న గంటకు, నిమ్మకాయ నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టా, క్యాల్షియం మాత్రం పొద్దున, మధ్యాహ్నం. రాత్రి వేసుకుంటే ఇంకో లాభం, వికారం వచ్చేసరికి నిద్రలో ఉంటాం.

వనపర్తి_సిస్టర్:
నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్లో గర్భిణులను చూసే నర్సుగా చేస్తున్నా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఏమనుకోకండి. గర్భిణికి 11 గ్రాములకు తక్కువ ఉంటేనే రక్తహీనత అంటాం. 10 నుంచి 10.9 దాకా కొద్దిపాటిది, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 లోపు తీవ్రం. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం ఎక్కువవుతుంది, కానీ అందులో నీరు పెరిగినంతగా రక్త కణాలు పెరగవు, అందుకే నాలుగైదు నెలల నుంచి అంకె కొంత దిగడం అందరికీ ఉండేదే. అంతవరకైతే మీ అత్తమ్మలా కంగారు పడక్కర్లేదు చిన్నీ. 8.2 మాత్రం ఆ లెక్కలోకి రాదు.

మామూలుగా రోజుకు ఒక ఎర్ర గోలీ, అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మళ్ళీ 180 రోజులు. మీ అంకెకు అయితే రోజుకు రెండు ఇవ్వాలి, మీ డాక్టరు రాశారో లేదో చీటీ చూసుకోండి. సరిగ్గా వేసుకుంటే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మళ్ళీ అవే గోలీలు ఇచ్చి పంపకూడదు, ఎందుకు పెరగలేదో చూడాలి. మూడు నెలలు దాటాక నులిపురుగుల గోలీ ఒకటి ఇస్తాం, అది వేసుకున్నారా? చేలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ల కడుపులో కొంకి పురుగులు ఉంటే అవే రక్తం తాగేస్తాయి.

బీట్‌రూట్ గురించి కూడా చెప్పాలి. ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం రాదమ్మా! దానిమ్మలో కూడా ఐరన్ తక్కువే. ఆ డబ్బుతో మేక కార్జం తెచ్చుకోండి, వారానికి ఒకసారి చాలు (మొదటి మూడు నెలల్లో మాత్రం వద్దు, విటమిన్ ఎ ఎక్కువ). తినని వాళ్లకు సజ్జ రొట్టె, ఉలవలు, పెసర్లు, నువ్వులు, పక్కన నిమ్మకాయ. ఇవన్నీ గోలీలతో పాటే, గోలీలకు బదులు కాదు.

పల్లె_పటేల్:
ఈ ఇంగ్లిష్ మందులన్నీ వేడి. మా ఇంట్లో అందరూ చెప్పేది ఒకటే, ఎర్ర గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడు, పైగా లోపల పెద్దగా పెరిగి ఆపరేషన్ అవుతుంది.

దేవరకొండ_కోడలు:
పటేల్ సాబ్, నల్లగా వచ్చేది బిడ్డ కాదు, దొడ్డికి పోయినప్పుడు 😄 అది మామూలే, భయం లేదు. మా పెద్దోడు వాళ్ల నాన్న రంగు, అప్పుడు నేను ఒక్క గోలీ వేసుకోలేదు.

మర్రిగూడెం_మాస్టారు:
మగవాడిని మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు, అందుకే ఇంకో సంగతి. డాక్టర్ ఎ.కె. సుశీల గారు ఢిల్లీలో గర్భిణుల మీద చేసిన పరిశోధన 2010లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చింది. ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, తిన్నది పట్టదు, ఫ్లోరైడ్ తగ్గించి తిండి సరిచేస్తే రక్తం పెరిగింది, బిడ్డల బరువూ మెరుగైంది అని అందులో ఉంది. నా భార్యకు ఐదేళ్ల కింద ఇట్లాగే గోలీలు పనిచేయలేదు. ఇంట్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లే తాగేది, కానీ పత్తి చేను దగ్గర పొద్దంతా బోరు నీళ్లు. ఆ సంగతి మాకు తట్టనే లేదు! అప్పటి నుంచి ఇంటి నీళ్లే డబ్బాలో పట్టుకుపోయింది, గోలీలు కూడా వేళకు వేసుకుంది. రక్తం పెరిగింది, దేనివల్ల పెరిగిందో మాత్రం నేను చెప్పలేను.

మక్తల్_ఆడబిడ్డ:
చిన్నీ, భయపెట్టాలని కాదు, కానీ మీ అత్తమ్మకు ఇది చదివి వినిపించు. మా వదిన అన్నతో పాటు పుణెలో బిల్డింగ్ పనికి పోయింది, కడుపుతోనే. చూపించుకునే కార్డు ఇక్కడే ఇంట్లో ఉండిపోయింది, అక్కడ అడిగేవాళ్లు లేరు, పని మానితే కూలి పోతుంది. ఎనిమిదో నెలలో బస్సు దిగేసరికి కాళ్లు ఉబ్బి, పెదాలు తెల్లగా, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. రక్తం 5.9. మొదట పోయిన దవాఖానలో మా వల్ల కాదన్నారు, అక్కడి నుంచి ఇంకో చోటికి, రెండు బ్యాగులు ఎక్కించేసరికి తెల్లారింది. ఆ డాక్టరమ్మ ఒక్క మాట అంది, మామూలు కాన్పులోనే అర లీటరు దాకా రక్తం పోతుంది, ఉన్నదే ఇంత అయితే ఏం మిగులుతుంది అని. నెలలు నిండకుండానే కాన్పయింది, పాప 1.9 కిలోలు. పద్దెనిమిది రోజులు గాజు పెట్టెలో పెట్టారు. ఇప్పుడు రెండో తరగతి, మాటలు కోటలు దాటుతాయి, కానీ ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

అమ్రాబాద్_తండా:
గోలీలు సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే హెచ్‌పీఎల్‌సీ అని హిమోగ్లోబిన్‌లో తేడా ఉందేమో చూసే ఒక పరీక్ష ఉంటుంది, అడగండి. మా అక్కకు రెండు కాన్పుల్లో ఐరన్ మీద ఐరన్ ఇచ్చారు, చివరికి చూస్తే తలసేమియా ట్రెయిట్ (అమ్మానాన్నల నుంచి వచ్చే రక్త లోపం, తేలికపాటిది), ఐరన్ నిల్వలు మంచిగానే ఉన్నాయి. అట్లాంటప్పుడు భర్తకూ పరీక్ష చేయాలి, ఇద్దరికీ ఉంటే బిడ్డకు పెద్ద జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మా బావకు లేదని తేలాకే మేం అన్నం తిన్నాం.

జడ్చర్ల_చిన్ని:
అందరికీ థాంక్స్. ఒక సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది... నేను పచ్చి బియ్యం తింటా. రోజూ ఒక గ్లాసెడు. మొదట్లో బలపం కూడా తిన్నా. ఎవరికీ తెలియదు.

వనపర్తి_సిస్టర్:
సిగ్గెందుకు చిన్నీ, నా దగ్గరికొచ్చే వాళ్లలో ఎంతోమంది చీర కొంగులో బియ్యం కట్టుకునే వస్తారు. ఐరన్ తక్కువైతే అట్లాంటి ఆశ పుడుతుంది, పచ్చి బియ్యం తింటే ఉన్న ఐరన్ కూడా సరిగ్గా పట్టదు. డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఏడో నెల దాటుతోంది కాబట్టి గోలీలతో ఆగకుండా సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ ఎక్కించమంటారేమో అడగండి. ప్రతి నెలా 9న గర్భిణులకు డాక్టరు చూసే రోజు ఉంటుంది, అప్పటిదాకా ఆగొద్దు, ఆయాసం, గుండె దడ ఉన్నాయి కాబట్టి రేపే పోండి.

జడ్చర్ల_చిన్ని (ఐదు వారాల తర్వాత):
అక్కలూ, రోజు విడిచి రోజు నాలుగు సార్లు ఐరన్ ఎక్కించారు. నులిపురుగుల గోలీ అప్పుడు ఇచ్చారు, నేనే పారేశానట, ఇప్పుడు వేసుకున్నా. చాయ్ సాయంత్రం ఒక్కసారే. నిన్న చూస్తే 9.7! ఆయాసం చాలా తగ్గింది. విచిత్రమేంటంటే బియ్యం డబ్బా ముందు నిలబడ్డా తినాలనిపించడం లేదు. బిడ్డ బరువు స్కానింగ్‌లో పరవాలేదన్నారు. అత్తమ్మ ఇప్పుడు రాత్రి తొమ్మిదికి తనే నిమ్మకాయ కోసి ఇస్తోంది, కానీ బీట్‌రూట్ మాత్రం మానొద్దంటోంది.

వనపర్తి_సిస్టర్:
తాగండి, బీట్‌రూట్‌తో నష్టమేం లేదు 😄 కాన్పు మాత్రం రక్తం దొరికే దవాఖానలోనే పెట్టుకోండి, మీ గ్రూపు ఇద్దరు ముగ్గురిని ముందే అడిగి పెట్టుకోండి. బిడ్డ పుట్టగానే బొడ్డుపేగు వెంటనే కోయకుండా ఒక నిమిషం పైగా ఆగమని చెప్పండి, ఆ కాసేపట్లో బిడ్డలోకి చేరే రక్తంతో నెలల తరబడి సరిపోయే ఐరన్ అందుతుంది. కాన్పయ్యాక గోలీల పొట్లం అటక మీద పెట్టేయకండి, ఇంకా 180 రోజులున్నాయి.

జడ్చర్ల_చిన్ని:
సరే సిస్టర్. మా మరిదిది నా గ్రూపే, ఊరు దాటి పోవద్దని చెప్పి పెట్టా.