హైవే మీద తుఫాను బోర్డులు పెడితే ఎవరికి ఉపయోగం?

ఇచ్ఛాపురం కుర్రాడు:
పదహారో నంబరు హైవే పొడుగునా డిజిటల్ బోర్డులు పెట్టి తుఫాను, పిడుగుల హెచ్చరికలు వెయ్యాలని నా వాదన. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి మా బాబాయి లారీ కంచిలి దాటాక పడిపోయిన చెట్ల మధ్య ఇరుక్కుపోయింది. ముందే ఒక్క బోర్డు కనపడి ఉంటే ఏ దాబా దగ్గరో ఆపుకునేవాడు.

ఉద్దానం రైతు:
బోర్డేటి సేస్తాది తమ్ముడూ? గంటకి 165 కిలోమీటర్ల దాకా ఊపీసింది గాలి. మా తాత ఏసిన కొబ్బరి సెట్లే నడుం ఇరిగి పడిపోనాయి, నీ బోర్డు ఆగుతాదా? పైగా కరెంటు ఉండదు. మా ఊరోళ్ళు హైవే ఎక్కేదే సంతకో, ఆస్పత్రికో.
అలాగని సాటింపు బాగుందననులే. ముందురోజు సాయంత్రం ఆటోకి మైకు కట్టుకొని ఒకాయన ఒచ్చినాడు. “తుఫాను వస్తోంది, అప్రమత్తంగా ఉండండి” అనీసి ఎల్లిపోనాడు. అప్రమత్తం అంటే ఏటి సెయ్యాలి? ఆవుని ఇప్పీమని ఒక్క ముక్క సెప్పలేదు. శాలలోనే కట్టీసి పడుకున్నాం. తెల్లారి సూస్తే ఆవు కూలిన కప్పు కింద ఉంది.

కళింగపట్నం తీరం:
రైతు మావయ్యా, అసలు తిరకాసు అక్కడే. మా నాన్నకి అక్షరం ముక్క రాదు. కానీ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే పడవ ఒడ్డుకి లాగెయ్యాలని తెలుసు, పదో నంబరంటే పెద్ద ప్రమాదమని తెలుసు. టీవీలో ఆరెంజ్ అలర్ట్ అంటే మాత్రం ఛానెల్ మార్చేస్తాడు.

బొబ్బిలి మాస్టారు:
తుఫానుకి రెండు మూడు రోజుల గడువైనా ఉంటుంది. పిడుగు మాటేమిటి? దామిని యాప్ మనమున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే చెబుతుంది, మంచిదే. గొర్రెల కాపరి చేతిలో ఉన్నది బటన్ ఫోను మరి. 2023లో ప్రభుత్వం అత్యవసర సందేశాన్ని పరీక్షించినప్పుడు మా స్టాఫ్ రూములో ఫోన్లన్నీ ఒక్కసారి కూతపెట్టాయి. చదువుకున్న పంతుళ్ళమే, వైరస్ అనుకొని ఆపేశాం! ముందుగా బడిలో చెప్పకుండా ఏ యంత్రం పెట్టినా ఇంతే.

ఇచ్ఛాపురం కుర్రాడు:
సరే మాస్టారూ, ఊళ్ళకి బోర్డు పనికిరాదని ఒప్పుకుంటా. లారీలవాళ్ళ విషయంలో మాత్రం తగ్గను. స్టీరింగ్ మీద చేతులున్నవాడు యాప్ చూస్తాడా? అయితే “భారీ వర్షసూచన” అని వెయ్యకూడదు. “పలాస దాటి వెళ్ళొద్దు, లారీ ఇక్కడే ఆపండి” అని వెయ్యాలి.

ఉద్దానం రైతు:
అలాగైతే పెట్టుకో. మరి మాకో? గెడ్డ మీద కాజ్‌వే పక్కన ఓ రాయి పాతి ఎర్రగీత గీస్తే సాలు. నీరు గీత దాటితే బండి దింపకూడదు. కరెంటు అక్కర్లేదు, సదువూ అక్కర్లేదు.

కళింగపట్నం తీరం:
మా అమ్మమ్మగారి ఊళ్ళో అలాంటి రాయి ఉంది మావయ్యా. గీత చెరిగిపోయి మూడేళ్ళయింది. కిందటేడు దాని మీద సెల్ రీఛార్జి పోస్టరు అంటించారు.

ఉద్దానం రైతు:
పోస్టరు పీకీయ్. రంగు డబ్బా నాను ఇస్తాను.