బ్రెడ్ నడినెత్తిన గుంట పడుతోంది, మెషీన్ వాడేవాళ్లు కాస్త చెప్పండి

అట్లకాడ (విజయవాడ)
అందరికీ నమస్కారం. సంక్రాంతికి బ్రెడ్ మెషీన్ కొన్నాం. మార్చి దాకా ముచ్చటగా వచ్చింది. ఏప్రిల్ నుంచి మొదలైంది గోల. పొంగేటప్పుడు మూత దాకా వచ్చేస్తుంది, పిల్లలు పైనున్న అద్దంలోంచి చూసి చప్పట్లు కూడా కొడతారు. కాలడం మొదలైన పావుగంటకి నడినెత్తిన గుంట. కోస్తే పైన బోలు, అడుగున పచ్చిపిండి ముద్ద. కొలతలు పుస్తకంలోవే, గ్లాసు కూడా దానితో ఇచ్చిందే. నిన్నటితో వరసగా నాలుగోది. మా అత్తగారు ఏమీ అనరు, కానీ ఆ చూపు ఉంది చూశారూ... మెషీన్ పాడైందంటారా?

గోదారిగట్టు
మెషీన్ కాదండి, మే నెల. ఈస్ట్‌కి 27, 28 డిగ్రీలైతే హాయి. మీ బెజవాడ వంటింట్లో ఇప్పుడు 38కి తక్కువ ఉండదు. పైగా పొంగే వేళ మెషీన్ కూడా కాస్త వెచ్చబెడుతుంది. అది గడియారం చూసుకుని నడిచేదే తప్ప పిండి ఎంత పొంగిందో దానికేం తెలుసు? గంట పట్టాల్సింది అరగంటకే పొంగిపోయి, మిగతా అరగంట ఆ గాలిని మొయ్యలేక, వేడి తగలగానే కూలబడుతుంది.

నేను వేసవిలో ఫ్రిజ్ నీళ్లే పోస్తాను. ఈస్ట్ చెంచాడు బదులు ముప్పావు చెంచా. ఉప్పు మాత్రం తగ్గించకండి, ఈస్ట్‌కి కళ్లెం అదే. ఓసారి ఉప్పు మర్చిపోయాను. పిండి మూతకి అంటుకుని, అంచు దాటి హీటర్ మీద కారింది. మూడు రోజులు ఇల్లంతా మాడు వాసన, కిటికీలు తీసినా పోలేదు.

వేడిరొట్టె
గ్లాసు పక్కన పెట్టెయ్యండి అక్కా, వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోండి. మైదా గుల్లగా పోస్తే కప్పుకి 120 గ్రాములు, అదే డబ్బాలోకి ముంచి అదిమితే 150 దాటుతుంది. మూడు కప్పులకి ఎంత తేడా వస్తుందో చూడండి. నా లెక్క: మైదా 400 గ్రాములు, నీళ్లు 250 మి.లీ., ఉప్పు 7 గ్రాములు, పంచదార 2 చెంచాలు, నూనె 2 పెద్ద చెంచాలు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు.

అసలు సంగతి ఇది. స్విచ్ వేసి వెళ్లిపోకండి. కలపడం మొదలైన పది నిమిషాలకి మూత తీసి చూడండి, ఏమీ కాదు. గిన్నె గోడల్ని వదిలి ఒక్క ఉండగా తిరుగుతుండాలి, అడుగున నాణెమంత చోట మాత్రమే అంటుకుంటూ ఉండాలి. వేలితో నొక్కితే చపాతీ పిండి కన్నా మెత్తగా, బొబ్బట్ల పిండి కన్నా గట్టిగా తగలాలి. వేలికి అంటీ అంటనట్టు. మెషీన్ టక్ టక్ మని కొట్టుకుంటూ మూలుగుతుంటే పిండి గట్టిదైనట్టు, ఒక్కో చెంచా నీళ్లు పొయ్యండి. దోసెల పిండిలా గిన్నెకి పులుముకుంటుంటే ఒక్కో చెంచా మైదా చల్లండి. వానాకాలం పిండి తనే చెమ్మ పీల్చుకుని ఉంటుంది, నీళ్లు పది, పదిహేను మి.లీ. తగ్గుతాయి. ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు.

పిసకడమే దీనికి ప్రాణం లెండి. 1987లో జపాన్‌లో మత్సుషిత (ఇప్పటి పానసోనిక్) ఈ మెషీన్ తేవడానికి ముందు, పిసకడం ఎంతకీ కుదరక వాళ్ల ఉద్యోగిని ఒకావిడ ఒసాకాలో ఓ హోటల్ బ్రెడ్ మాస్టారి దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని లాగుతూ మెలిపెట్టడం గమనించి, అదే పని జరిగేలా లోపలి గోడలకి గట్లలాంటివి పెట్టించారు. పిండి ఆ గట్లకి తట్టుకుని సాగాలంటే ఆ మెత్తదనం కుదరాలి మరి.

అట్లకాడ
అమ్మో, నేను స్విచ్ వేసి సీరియల్‌కి కూర్చునేదాన్ని! రేపే త్రాసు తెప్పిస్తా. ఇంకోటి, మైదా వద్దు మొత్తం గోధుమపిండితో చెయ్యి అంటున్నారు మావారు. అవుతుందా?

కుక్కర్ కూత (కూకట్‌పల్లి)
అయితది కానీ ఇటుక లెక్క అయితది. నేను మూడు సార్లు చేసి చూసిన. మన గిర్నీ పిండి రొట్టెలకు మంచిగుంటది, నీళ్లు కూడా మస్తు తాగుతది. కానీ అందులో తవుడు ఉంటది కదా, అది పిండి జిగురును కోస్తా పోతది, గాలి నిలువది. సగం మైదా, సగం గోధుమపిండి వేసి నీళ్లు ఇంకో 20, 30 మి.లీ. పెంచున్రి. నీళ్లు పోసినంక ఇరవై నిమిషాలు అట్లనే నాననిచ్చి అప్పుడు స్విచ్ వేసిన్రంటే ఇంకా నయం. మొత్తం గోధుమపిండే కావాలంటే ఆ జిగురుదే గ్లూటెన్ పొడి అని ఆన్‌లైన్‌ల దొరుకుతది, కప్పు పిండికి ఒక చెంచా. మా ఇంట్ల చెడిపోయిన బ్రెడ్ ఎన్నడూ పారెయ్యం. ముక్కలు నేతిల వేయించి పాకంల వేస్తే డబుల్ కా మీఠా. మావోళ్లయితే బ్రెడ్ ఎప్పుడు చెడిపోతదా అని చూస్తరు.

కొలిమి
ఒక మాట అంటే కోప్పడకండి. పది వేలు పోసి ఇంత అవస్థ ఎందుకు? సందు చివర బేకరీలో దొరకదా? లేదంటే చేత్తో కలుపుకుని ఓవెన్‌లో పెడితే చాలదా?

గోదారిగట్టు
మా ఇంట్లో ఇది 2016లో వచ్చిందండి. ఆ ఏడాది ఢిల్లీలోని సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) వాళ్లు కొట్లలో బ్రెడ్లు పరీక్షిస్తే చాలావాటిలో పొటాషియం బ్రోమేట్, అయొడేట్ అని పిండిలో కలిపే రసాయనాల ఆనవాళ్లు కనిపించాయి. నెల తిరక్కుండా బ్రోమేట్‌ని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిషేధించింది. నిషేధించారు కదా అని మనసు ఊరుకోలేదు, కొనేశాను. ఇప్పుడైతే ఆ భయం కాదు, అలవాటు. చేత్తో కలపడం మీకు సుఖమేమో, నాకు మణికట్టు నొప్పి.

ఎడిసన్ అత్త (న్యూజెర్సీ)
ఇక్కడివాళ్లు గమనించాల్సింది ఒకటి. ఇక్కడి కొట్లలో బ్రెడ్ ఫ్లోర్ అని విడిగా అమ్ముతారు, ప్రోటీన్ 12, 13 శాతం. మన మైదా దానికన్నా మెతక. అందుకే ఇక్కడి కొలతలు మా చెల్లెలికి ఫోన్లో చెబితే అక్కడ కుదరలేదు. తర్వాత ఇంకా పెద్ద తెలివితక్కువ పని చేశాను. ఇక్కడి మెషీన్ సూట్‌కేసులో పెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లాను. ఇది 120 వోల్టులది. మా మరిది ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి నేరుగా గోడకి పెట్టేశాడు. టప్‌మని ఒక్క చప్పుడు, ఓ పొగ తీగ, అంతే. దాన్ని ఇప్పుడు మా అమ్మ ఉల్లిపాయల డబ్బాగా వాడుతోంది.

స్క్రూడ్రైవర్
అత్తా, అడాప్టర్ ప్లగ్గు ఆకారం మారుస్తుందే కానీ వోల్టేజీ మార్చదు. 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మెషీన్ 600 వాట్లయితే కనీసం 1000 వాట్లది. అప్పుడు కూడా అక్కడి 60 సైకిళ్ల (హెర్ట్జ్) కరెంటుకి చేసిన మోటారు ఇక్కడి 50కి కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. ఇక్కడిది కొనుక్కోవడమే మేలు.

నా దగ్గరికి వచ్చేవి చాలావరకు ఒక్క జబ్బుతోనే వస్తాయి. గిన్నె అడుగున ఇరుసు ఉంటుంది కదా, దాని చుట్టూ రబ్బరు సీలు. గిన్నెని సింకులో ముంచి గంటల తరబడి నానబెడితే ఆ సీలు దెబ్బతిని అడుగునుంచి నీళ్లు కారతాయి, నల్లటి జిడ్డు పడుతుంది. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచండి, చాలు. అడుగు తడవకూడదు. మెత్తటి స్పాంజితో తుడిచి, బోర్లించకుండా ఆరబెట్టండి. పీచు, స్టీలు గరిటె రెండూ వద్దు, నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. కలిపే రెక్క రాకపోతే పటకారుతో లాగకండి, ఇంకో పది నిమిషాలు నాననివ్వండి. పెట్టే ముందు ఇరుసుకి బొట్టు నూనె రాయండి.

లోపలి అర చల్లారాక పాత పెయింట్ బ్రష్‌తో రజను దులపండి, నీళ్లు మాత్రం పొయ్యొద్దు. రజను వదిలేస్తే ముందు చీమలు, తర్వాత బొద్దింకలు. ఒకాయన మెషీన్ విప్పితే బోర్డు మీద కాపురమే పెట్టేశాయి.

కిర్రు కిర్రు అంటే లోపల బెల్టు అరిగింది. అది చౌకే. గట్టి పిండి రోజూ పిసికించినవాళ్లకే త్వరగా పోతుంది. ఇంకోటి, కలిపేటప్పుడు మెషీన్ జరుగుతూ ఉంటుంది. నున్నటి గ్రానైటు గట్టు మీద అంచుకి పెట్టారంటే ఏదో రోజు కిందికి దూకుతుంది.

అట్లకాడ
కరెంటు పోతే? మాకు మధ్యాహ్నం గంటసేపు తీసేస్తున్నారు.

స్క్రూడ్రైవర్
చాలా మెషీన్లకి ఏడు నుంచి పది నిమిషాల జ్ఞాపకం ఉంటుంది. ఆలోపు వస్తే ఆగిన చోటు నుంచే నడుస్తుంది. దాటితే పిండి ముద్ద తీసి నూనె రాసిన గిన్నెలో పొంగనిచ్చి, కాల్చే మోడ్ ఒక్కటీ విడిగా ఉంటే కరెంటొచ్చాక గంట పెట్టండి. ఇన్వర్టర్ మీద పెట్టొద్దు, హీటర్ దాన్ని కాసేపట్లోనే పడగొడుతుంది.

వేడిరొట్టె
రాత్రి టైమర్ పెట్టేవాళ్లకి: ఈ ఎండల్లో పాలు, గుడ్డు వేసి పెట్టకండి, పాలపొడి వాడండి. నీళ్లు, ఉప్పు అడుగున, పిండి పైన, దాని మీద గుంట చేసి ఈస్ట్. కొన్ని మెషీన్లలో ఈస్టే ముందు వెయ్యమంటారు, ఆ ఒక్క విషయంలో మాత్రం పుస్తకం మాటే వినండి. నీళ్లు, ఈస్ట్ రెండూ తగలకుండా ఉండడమే కావాల్సింది.

అట్లకాడ
శుభవార్త! త్రాసు, ఫ్రిజ్ నీళ్లు, ముప్పావు చెంచా ఈస్ట్, పదో నిమిషంలో మూత తీసి మూడు చెంచాల నీళ్లు. గుంట లేదు! నెత్తి గుమ్మటంలా వచ్చింది. బయటికి తీసి జల్లెడ మీద గంట చల్లారనిచ్చి కోశా, మా అత్తగారు రెండు ముక్కలు తిన్నారు. ఆ ఊపులో సాయంత్రం ఇంకోటి చేసి, కొయ్యకుండా స్టీలు డబ్బాలో పెట్టి పక్కింటి పిన్నిగారికి ఇచ్చొచ్చా.

ఒక చిన్న సందేహం. కలిపే రెక్క విడిగా అమ్ముతారా? రాత్రి గిన్నె కడుగుతుంటే లేదు. సింకు, చెత్తబుట్ట అన్నీ వెతికా.

కుక్కర్ కూత
అక్కా... బ్రెడ్ అడుగున చూసి ఇచ్చిన్రా?

గోదారిగట్టు
హహ్హ, ఆఖరిసారి కలిపాక, పొంగకముందే రెక్క తీసేస్తే ఈ బాధ ఉండదండి. చేతికి నూనె రాసుకుని ముద్ద పైకెత్తి తీసెయ్యడమే.

అట్లకాడ
ఇందాకే డబ్బా తిరిగొచ్చింది. ఖాళీగా పంపకూడదని పులిహోర పెట్టారు. పైన చిన్న పొట్లంలో రెక్క, శుభ్రంగా కడిగి. "మీ బ్రెడ్‌లో వచ్చింది, ఇది ఏం వంటకం అమ్మా" అని అడిగారట.