మాట ఎలా ముగించాలి అని అడిగిన చెల్లికి

చెల్లీ, నీ పోస్ట్ రాత్రి చదివాను. మార్కాపురం నుంచి బెంగళూరు వచ్చి మూడు వారాలే అయిందన్నావు. కస్టమర్లతో ఇంగ్లీషులో మాట మొదలుపెట్టగలుగుతున్నావు గానీ ముగించడం తెలియట్లేదని, ఫోన్ పెట్టేశాక ‘పొగరుగా మాట్లాడానేమో’ అని అరగంట టెన్షన్ పడుతున్నానని రాశావు. అది చదివితే పదకొండేళ్ల కింద మారతహళ్లి పీజీలో నేను పడ్డ అవస్థ గుర్తొచ్చింది. పైన కామెంట్లలో చాలామంది వాక్యాలు రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. నేను మాత్రం ముందు ఒక పని చెయ్యమంటాను.

ఈసారి మీ అమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు చివరి రెండు నిమిషాలు గమనించు. కబుర్లన్నీ అయ్యాక ఎవరో ఒకరు ‘సరే మరి’ అంటారు. ఆ ‘మరి’ దగ్గర గొంతు కాస్త దిగుతుంది. అవతలివాళ్లకి ఇంకేదైనా మిగిలుంటే ‘అన్నట్టు, పిన్ని ఫోన్ చేసింది’ అని అప్పుడే అందుకుంటారు. లేకపోతే వాళ్లూ ‘సరే’ అంటారు. ఆ తర్వాత ‘పొద్దున్నే లేవాలి’, ‘ఆదివారం చేస్తాలే’, చివర్న ‘ఉంటా’. ఇవన్నీ మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అంటే నీకు మాట ముగించడం వచ్చు. ఇంగ్లీషులో ‘సరే మరి’ ఎక్కడుందో దొరక్క ఇబ్బంది పడుతున్నావంతే.

అది ‘ఓకే’లోనో, ‘సో’లోనో, ‘ఎనీవే’లోనో, ‘ఆల్‌రైట్ దెన్’లోనో ఉంది. షెగ్లాఫ్, శాక్స్ అని ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఫోన్ సంభాషణలు ఎలా ముగుస్తాయో పరిశీలించి 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. గొంతు దించి ‘వెల్’ అనో ‘ఓకే’ అనో ‘సో’ అనో అంటే, ‘నా వైపు నుంచి కొత్తగా చెప్పేదేం లేదు, నీకేమైనా ఉందా’ అని అడిగినట్టేనని అందులో వివరించారు. మన ‘సరే మరి’ చేసేది కూడా సరిగ్గా ఆ పనే. కాబట్టి ‘ఆల్‌రైట్ దెన్’ అన్నాక ఒక్క క్షణం ఆగు. ఆ ఆగడంలోనే మర్యాద ఉంది. మన కొత్తవాళ్లలో ఎక్కువమంది అక్కడ ఆగరు. భయం కొద్దీ ‘ఓకే థ్యాంక్యూ బై’ అని ఒకే ఊపిరిలో అనేసి కట్ చేస్తారు. నీ మాట పొగరుగా వినిపించి ఉంటే కారణం అదే అయ్యుంటుంది. నీ ఇంగ్లీషులో లోపమేమీ లేదు.

నాకు జరిగింది చెప్తాను. చేరిన రెండో నెలలో న్యూయార్క్‌లో ఉన్న ఒక క్లయింటావిడతో కాల్. మాకు రాత్రి తొమ్మిదిన్నర. పని అయిపోయింది. ఆవిడ ‘వెల్, ఐ విల్ లెట్ యూ గో’ అంది. ‘నిన్ను వెళ్లనిస్తాను’ అంటోంది కదా, నాకేదో తొందర ఉందని అనుకుంటోంది పాపం అనుకుని, ‘నో నో, ఐ యామ్ ఫ్రీ’ అన్నాను. మాట ఆపితే బాగుండదని వాళ్ల ఊరి వాతావరణం గురించి, పిల్లల గురించి అడుగుతూ ఇంకో పది నిమిషాలు లాగాను. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చింది. నాలుగు రోజుల తర్వాత మా లీడ్ పక్కకి పిలిచి చెప్తే తెలిసింది. ఆ మాటకి అర్థం ‘ఇక ముగిద్దాం’ అని. తొందర ఆవిడది. మనకి తొమ్మిదిన్నరంటే వేసవిలో అక్కడ మధ్యాహ్నం పన్నెండు. ఆవిడ అన్నం తినే వేళ నేను తినేశాను. ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే వెంటనే ‘థ్యాంక్స్ ఫర్ యువర్ టైమ్’ అని నేనూ ముగింపులోకి దిగుతాను. ‘ఐ విల్ లెట్ యూ గో’ అనే మాట నువ్వు కూడా వాడొచ్చు. ‘ఐ వోంట్ కీప్ యూ’ అన్నా ఇదే అర్థం.

తెలుగు మాటని మాటకి మాట మార్చి పెడితే మాత్రం పని చెయ్యదు. ‘ఫోన్ పెట్టేస్తా’ని ‘ఐ యామ్ కీపింగ్ ద ఫోన్’ అంటే మన ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది, అమెరికావాళ్లకి కాదు. ‘వెళ్లొస్తాను’ ఇంకా చిక్కు. ‘పోతున్నా’ అంటే మన పెద్దవాళ్లు ఊరుకోరు కాబట్టి మనకి ‘వస్తాను’ అలవాటు. మా టీమ్‌లో ఒకబ్బాయి లండన్ నుంచి వచ్చిన కొలీగ్‌తో క్యాంటీన్‌లో ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని ఇంటికి వెళ్లిపోయాడు. వస్తాడని ఆయన కాఫీ చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు. ‘ఐ షుడ్ గెట్ గోయింగ్’ అంటే సరిపోయేది. కన్నడలో మాత్రం ఆ ఇబ్బంది లేదు. కిరాణా కొట్లో, ఓనర్ ఆంటీ దగ్గర ‘బర్తీని’ అను. అది అచ్చంగా మన ‘వస్తాను’. వాళ్ల మొహం ఎంత వికసిస్తుందో చూడు.

కారణం చెప్పాల్సి వస్తే నిజమైనదే చెప్పు, చిన్నది చెప్పు. ‘ఐ హావ్ అనదర్ కాల్ ఎట్ టెన్’, ‘మై క్యాబ్ ఈజ్ హియర్’ చాలు. లేని మీటింగ్ కల్పించకు. పది నిమిషాల తర్వాత అదే మనిషి లిఫ్ట్ దగ్గర ఎదురైతే తల ఎత్తుకోలేం. చివర్న ‘టాక్ సూన్’, ‘హావ్ ఎ గుడ్ వన్’ అంటారు. దానికి ‘యూ టూ’ అంటే చాలు. ‘వీ షుడ్ గెట్ కాఫీ సమ్‌టైమ్’ అంటే వెంటనే తేదీ అడగొద్దు. మనం వీధిలో కనిపించినవాళ్లని ‘ఓసారి ఇంటికి రండి’ అంటాం చూడు, చాలాసార్లు అది అలాంటిదే. వీడియో కాల్‌లో బై చెప్పాక లీవ్ బటన్ దొరక్క అలా చూస్తూ ఉండిపోతాం కాబట్టి మౌస్ ముందే అక్కడ పెట్టుకో.

ఒక్క విషయం మాత్రం నాకూ త్వరగా రాలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మనం ముందు ముగించకూడదని పెరిగాం. మేనేజర్ చెప్పడం ఆపేదాకా తలూపుతూ నిలబడతాం, అవతల ఆఫీసు బస్సు వెళ్లిపోతున్నా సరే. ఇక్కడ చిన్నవాళ్లు ముందు ముగించినా తప్పు పట్టరు. చివరగా ఆయన చెప్పిన పనినే నువ్వు తిరిగి చెప్పు, ‘సో ఐ విల్ సెండ్ ఇట్ బై టుమారో’ అని. విన్నావని ఆయనకి తెలుస్తుంది, మాటా ముగింపుకి వస్తుంది. నేను నేర్చుకున్నవాటిలో నాకు బాగా ఉపయోగపడింది ఇదే.

ఇంకోటి, ఇది విని కాస్త తేలిక పడు. 2021లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఇద్దరూ కోరుకున్న సమయానికే ముగిసిన సంభాషణలు సుమారు 2 శాతమే అని తేలింది. ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లకీ ఇది కుదరట్లేదు. మూడు వారాలకే నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఆదివారం సాయంత్రం ఖాళీయేనా? నీ నంబర్ ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా పంపు. పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుకుందాం. ముగించడం నీ వంతు. నేను కావాలనే కబుర్లు పొడిగిస్తాను.