పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి గురక మీద పనిచేసే ఇయర్‌బడ్స్ ఏవి?

అదే గదిలో, పక్క మంచం మీద గురక. ఆగి ఆగి వస్తుంది. ఫోన్ యాప్‌లో చూస్తే మోతంతా 100–300 హెర్ట్జ్ మధ్యే, అంటే బొంగురు మోతే. నేను పక్కకి తిరిగే పడుకుంటాను, చిన్న అలికిడికే మెలకువ వచ్చేస్తుంది.

ముందు 33 డెసిబెల్ రేటింగ్ ఉన్న ఫోమ్ ప్లగ్స్ వాడాను. సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకునే పెడుతున్నాను. మాటలు, టీవీ వినపడట్లేదు. గురకలోని బొంగురు మాత్రం వస్తూనే ఉంది.

తర్వాత నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ (బయటి మోతని మైక్‌తో పట్టి, ఎదురు శబ్దంతో తగ్గించేవి). వెల్లకిలా పడుకుంటే ఫ్యాన్ హోరు దాదాపు పోతుంది. దిండుకి చెవి ఆనిందా, అంతే: బడ్ కదిలి టిప్ దగ్గర సందు పడుతుంది, బాస్ అంతా లోపలికొస్తుంది, ఒక్కోసారి మైక్ మూసుకుపోయి సన్నగా కూత కూడా. పెద్ద సైజు టిప్, ఫోమ్ టిప్ మార్చి చూశాను, తేడా లేదు. పైగా ఐదారు గంటలకి చార్జింగ్ అయిపోతూ ‘బ్యాటరీ లో’ అని అదే లేపుతుంది!

ఇప్పుడు ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుని, పైన బట్ట హెడ్‌బ్యాండ్ స్పీకర్‌లో బ్రౌన్ నాయిస్ (జలపాతం లాంటి బొంగురు హోరు). కొంత నయం. కానీ గురకని కప్పేయాలంటే వాల్యూమ్ బాగా పెంచాలి, రాత్రంతా అలా వింటే చెవులకి మంచిది కాదు.

చెవి గుంటలోంచి బయటికి పొడుచుకు రాకుండా, ఒక్క చార్జింగ్‌తో ఎనిమిది గంటలు నడుస్తూ, పక్కకి పడుకున్నా గురకని నిజంగా తగ్గించిన నాయిస్ క్యాన్సిలింగ్ బడ్స్ మీరు వాడినవాటిలో ఏ మోడల్?