వెంకటపతి రాజు నిజంగా అంత గొప్ప బౌలరా?

ప్రశ్న (కొత్తపేట_కుర్రోడు): నిన్న రాత్రి భోజనాల దగ్గర మా నాన్నతో చిన్న గొడవైంది. హైదరాబాద్ లెఫ్టార్మ్ స్పిన్నర్ల మాటొస్తే నేను ఓజా పేరు చెప్పాను, అంతే, "వెంకటపతి రాజు బౌలింగ్ చూడనివాడివి, నువ్వు మాట్లాడకు" అని కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. తర్వాత రాజు లెక్కలు తీశా. 28 టెస్టుల్లో 93 వికెట్లు, 53 వన్డేల్లో 63. బాగానే ఉన్నాయి గానీ అలిగేంత ఏముందో అర్థం కాలేదు. అప్పట్లో చూసినవాళ్లెవరైనా చెప్తారా, లేక మనోడనే అభిమానమేనా ఇదంతా?

పాతరేడియో: మీ నాన్నగారు కరెక్ట్. 1990 నవంబరు, చండీగఢ్, శ్రీలంకతో టెస్టు. 17.5 ఓవర్లు, 13 మెయిడెన్లు (ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు), 12 పరుగులు, 6 వికెట్లు. ఇంకోసారి చదువుకో. లంక మొత్తం 82, అందులో గురుసింహ ఒక్కడే 52 నాటౌట్, అంటే మిగతా పదిమందీ ఎక్స్‌ట్రాలూ కలిపి 30! ఆ ఏడాది మొదట్లోనే క్రైస్ట్‌చర్చ్‌లో మొదటి టెస్టు ఆడాడు. బౌలింగ్ చేస్తాడని తీసుకెళ్తే నైట్‌వాచ్‌మన్‌గా (రోజు ఆట ముగిసే వేళ అసలు బ్యాటర్‌ని కాపాడ్డానికి ముందు దిగేవాడు) పంపారు, అటువైపు వికెట్లు టపటపా పడుతుంటే రెండు గంటల పైన నిలబడి 31 కొట్టాడు. మనిషేమో బక్కపల్చన, అందుకే టీమ్‌లో ఎగతాళికి 'మజిల్స్' అని పిలిచేవాళ్లు.

గోదారి_గట్టు: మాది మండపేట, ఆయన పుట్టింది పక్కనే ఆలమూరులో, కాబట్టి నా మాటకి కాస్త తరుగు తీసెయ్యండి 😀 ఈయన జాతకం ఏంటంటే, బాగా ఆడిన రోజే పేపర్లో పెద్ద ఫోటో ఇంకొకరిది పడేది. 1994 ఫిబ్రవరి, అహ్మదాబాద్, మళ్లీ లంకే. మొదటి ఇన్నింగ్స్‌లో 5, రెండో దాంట్లో 6, మొత్తం 125 పరుగులకి 11 వికెట్లు. కానీ ఆ టెస్టు అనగానే అందరికీ గుర్తొచ్చేది కపిల్ 432వ వికెట్ తీసి హ్యాడ్లీ రికార్డు దాటడమే. 1993లో ఇంగ్లండ్‌ని 3-0తో కొట్టినప్పుడూ అంతే. కుంబ్లే, రాజు, రాజేష్ చౌహాన్ ముగ్గురూ కలిసి తిప్పేశారు, జనానికి కుంబ్లే మాత్రం మిగిలాడు.

సిల్లీపాయింట్: అభిమానం సరే, ఆ వికెట్లు చాలావరకు మన పిచ్‌ల మీదవే కదా. బయట అంతగా పనిచెయ్యలేదు, కుంబ్లేతో పోలికే వద్దు. అన్నట్టు 1992 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియాతో బ్రిస్బేన్ మ్యాచ్ ఎవరూ ఎత్తలేదేం? ఆఖరి బంతికి 4 కావాలి, శ్రీనాథ్ గాల్లోకి లేపాడు, స్టీవ్ వా క్యాచ్ వదిలేశాడు, ఈలోగా రెండు పరుగులు తీసేశారు, టై కోసం మూడోదానికి పరిగెత్తింది రాజే. వా త్రో వేస్తే, కీపింగ్ చేస్తున్న బూన్ వికెట్లు గిరాటేశాడు. ఒక్క పరుగుతో పోయాం.

పాతరేడియో: అది ఆయన తప్పెలా అవుతుంది బాబూ, ఆ పరుగు తీయకపోయినా ఓడేవాళ్లమే. పోనీ ఇది చూడు. 2001 కోల్‌కతా టెస్టు, లక్ష్మణ్ 281, భజ్జీ హ్యాట్రిక్ అందరికీ నోటికొచ్చు. ఆ పదకొండు మందిలో రాజు కూడా ఉన్నాడని ఎంతమందికి తెలుసు? చాన్నాళ్లకి మళ్లీ పిలిచారు, చివరి రోజు మార్క్ వాని సున్నాకే ఎల్బీ చేశాడు. అదే ఆఖరి టెస్టు, మళ్లీ తీసుకోలేదు.

కొత్తపేట_కుర్రోడు: ఆ కోల్‌కతా మ్యాచ్ హైలైట్స్ కనీసం పదిసార్లు చూసుంటాను, ఆయన్ని గమనించనేలేదు 🙏 ఇదంతా పొద్దున నాన్నకి చదివి వినిపించా. చండీగఢ్ అనగానే నేను చదివేలోపే "పన్నెండుకి ఆరు" అన్నారు. బ్రిస్బేన్ ముక్క మాత్రం వదిలేశా, మధ్యాహ్నం భోజనం కూడా మానేస్తే అమ్మతో పడలేను.