ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉందని మీకు ఎవరు చెప్పారు?

పార్వతీపురం అమ్మ:
మా బాబుకి మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే చూసేవాడు కాదు. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడకు" అన్నారు మా అత్తయ్య. ఆగాం. నాలుగున్నరేళ్ళకి ఆటిజం అని తేలింది. మండలంలో భవిత కేంద్రం ఉందని బస్సులో పక్క సీటులో కూర్చున్న ఇంకో తల్లి చెప్పింది. మీకెలా తెలిసింది?

గుంటూరు నాన్న:
మా పాపకి వినికిడి లోపం. అంగన్‌వాడీకి వచ్చిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టరుగారు అది కనిపెట్టి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసిచ్చారు. 2013లో మొదలైన పథకమట, 18 ఏళ్ళ వరకు పిల్లలకి పరీక్షలు చేస్తారు. అంతకుముందు ఆ పేరే వినలేదు. ఆ రోజు పాపకి జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాం.

ఐఈఆర్టీ టీచర్:
భవితలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే టీచర్‌ని. ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవానికి ర్యాలీ చేస్తాం, ఆటలు పెడతాం. వచ్చేది మా పిల్లలూ వాళ్ళ అమ్మలే. తెలియాల్సిన ఇల్లు తెలియకుండానే ఉండిపోతోంది. పల్స్ పోలియో గుర్తుందా? ఆటోకి మైకు, గోడల మీద రాతలు, చుక్కలు వేశాక గుమ్మం పక్కన సుద్దముక్కతో గుర్తు. రెండు చుక్కల సంగతి తెలియని ముసలమ్మ లేదు. ఏ వయసుకి పిల్లలు ఏం చేయాలో కూడా అలాగే ఊరంతా తెలియాలి. ప్రచారం చేయడం దయ కాదండీ, 2016 వికలాంగుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత.

సికింద్రాబాద్ అక్క:
ప్రచారం తల్లిదండ్రులకే చాలదు. మా వాడిని చేర్చుకోమంటే ఒక బడిలో "మిగతా పిల్లలు భయపడతారు" అన్నారు. అదే చట్టంలో, వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. నాకు అది తెలిసేసరికి ఒక ఏడాది పోయింది. ఇక్కడ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచీ ఉంది. మా వీధిలో ఎంతమందికి తెలుసో!

కొత్త సభ్యురాలు:
మా పాపకి ఏడాదిన్నర. పిలిస్తే తిరగట్లేదు. రెండేళ్ళు నిండేదాకా చూద్దామంటున్నారు ఇంట్లో.

పార్వతీపురం అమ్మ:
ఆగొద్దు తల్లీ. మేం ఆగాం. రేపు పొద్దున్నే అంగన్‌వాడీ టీచర్‌ని కలువు, చెవుల పరీక్ష ముందు చేయించు. మీ మండలం పేరు రాయి, భవిత ఎక్కడుందో ఇక్కడే ఎవరో ఒకరం చెబుతాం.