వీడియో పాఠాలు డౌన్‌లోడ్‌కి ఇవ్వాలా, స్ట్రీమింగ్‌లోనే ఉంచాలా?

నైట్‌డ్యూటీ_పాడేరు:
ఆన్‌లైన్ బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. మా పోర్టల్‌లో పాఠాలన్నీ స్ట్రీమింగే, డౌన్‌లోడ్ బటన్ లేదు. రాత్రి డ్యూటీ దిగి పొద్దున ఆరింటికి ఇంటికొస్తే సిగ్నల్ ఒక్క గీత. వీడియో ఆగదు, అదే బాధ. నెట్ తగ్గగానే దానంతటదే 144పీకి, అంటే అన్నిటికన్నా మసక బొమ్మకి, దిగిపోతుంది. గొంతు వినిపిస్తుంది కానీ బోర్డు మీద అంకెలు అలికేసినట్టు ఉంటాయి. 17వ పాఠం కన్‌సైన్‌మెంట్ లెక్కలో, అంటే ఏజెంటుకు అమ్మకానికి సరుకు పంపే లెక్కలో, సరుకు పంపిన ఖర్చులు 3,000 రాశారో 8,000 రాశారో నాలుగుసార్లు చూసినా తేలలేదు. వారానికోసారి వైజాగ్ వెళ్తాను. అక్కడ దించుకుంటే వారమంతా చదువుకోవచ్చు. ఎందుకివ్వరు?

చాక్‌పీస్:
పదకొండేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. ఇవ్వకూడదనే అంటాను. ఒకసారి నా క్లాసులో ఇరవై సెకన్లు కత్తిరించి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఒక ఎంట్రీ తప్పు రాసి వెంటనే దిద్దుకున్నాను. దిద్దిన ముక్క తీసేసి, తప్పు ముక్క తిప్పారు. అది మా బంధువుల దాకా వెళ్లింది. ఇప్పుడు చాలా ప్యాకేజీల్లో రోజుకు 1.5 జీబీ వస్తోంది. చాలదా?

నైట్‌డ్యూటీ_పాడేరు:
నేను డేటా అడగలేదు మేడమ్, సిగ్నల్ గురించి చెప్పాను.

లెక్కల_రాజు:
అసలు డేటా కూడా చాలదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది. మూడు గంటలకు 1,350. ఆ ఫోనే ఇంట్లో చెల్లి కూడా వాడితే? అదే ఆడియో ఒక్కటే 64 కిలోబిట్‌లలో ఇస్తే గంటకు 29 ఎంబీ దాటదు.

చాక్‌పీస్:
రోజుకు మూడు గంటలు ఎవరు చూస్తున్నారండీ? అమెరికాలో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన పరిశోధన చూడండి. వీడియో ఎంత పొడవున్నా సగం మంది ఆరు నిమిషాలకు మించి చూడలేదు.

లెక్కల_రాజు:
అది పాఠాన్ని చిన్న ముక్కలు చెయ్యమని చెప్పే లెక్క. తాళం వెయ్యమని కాదు.

డిష్‌యాంటెన్నా:
స్వయంప్రభ అని కేంద్రం పాఠాల టీవీ ఛానళ్లు 2017 నుంచి ఫ్రీ డిష్‌లో వస్తున్నాయి. డేటా గొడవే లేదు.

నైట్‌డ్యూటీ_పాడేరు:
టీవీ నా డ్యూటీ అయ్యేదాకా ఆగదు కదా అన్నా.

పాత_పోస్టుమాన్:
1982లో హైదరాబాద్‌లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అంటే ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో, మా అన్నయ్య డిగ్రీ చేశాడు. ఆ పుస్తకాలు ఇంకా మా అటక మీద ఉన్నాయి. ఫీజు కట్టినవాడి చేతికి పాఠం వచ్చేది. కోర్సు అయిపోయిందని ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు. ఈ పిల్లాడి లాగిన్ పరీక్షలవగానే మూసేస్తారు. సప్లిమెంటరీ వస్తే దేంతో చదవాలి?

ఎన్‌పీటెల్_అభిమాని:
ఐఐటీలవాళ్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఎవరైనా దించుకోవచ్చు. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ మీద ఇచ్చారు. ఆ ప్రొఫెసర్ల పరువేం పోలేదు.

చాక్‌పీస్:
వాళ్లు పర్మినెంట్ ప్రొఫెసర్లు. నన్ను వాళ్లతో పోల్చకండి. ఫైలు చేతిలో పడితే లీక్ చేసేది ఈ పిల్లలే.

నైట్‌డ్యూటీ_పాడేరు:
నన్ను దొంగ అంటున్నారా? పద్దెనిమిది వేల జీతంలోంచి ఫీజు కడుతున్నాను. మీకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మా పాట్లు మీకేం తెలుసు?

చాక్‌పీస్:
జీతమా? సరే, చెప్పేస్తాను. నేను గెస్ట్ లెక్చరర్‌ని. 2020లో లాక్‌డౌన్‌లో 42 పాఠాలు ఇంట్లోనే రికార్డు చేశాను. శబ్దం పడుతుందని మే నెలలో ఫ్యాన్ ఆపి, గోడకు అతికించిన చార్టు మీద రాస్తూ చెప్పాను. గంటకింత అని ఒక్కసారే ఇచ్చారు. ఆ తర్వాత మూడు బ్యాచ్‌లకు అవే పాఠాలు వేశారు. నన్ను మళ్లీ పిలవలేదు. "మీ పాఠాలున్నాయిగా మేడమ్" అన్నారు. నా గొంతు వాళ్ల దగ్గర ఉంది, నేను బయట ఉన్నాను. స్ట్రీమింగ్‌లో ఉంటే కనీసం పోర్టల్ దాటదు. ఫైళ్లు ఊరంతా తిరిగితే ఇంకే కాలేజీ అయినా నన్నెందుకు పిలుస్తుంది?

కోర్టు_మెట్లు:
మేడమ్, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసినదానికి హక్కు యజమానిది. గెస్ట్‌గా గంటల లెక్కన చెప్పినవారు ఉద్యోగి కిందికి వస్తారా రారా అన్నది మీ కాగితాన్ని బట్టి ఉంటుంది. ఏం సంతకం పెట్టారు?

చాక్‌పీస్:
ఏ కాగితమూ లేదు. ఫోన్‌లో మాట, అంతే.

లెక్కల_రాజు:
అయితే మీ గొడవ డౌన్‌లోడ్ బటన్‌తో కాదు, ఆ కాలేజీతో. బటన్ లేకుండానే మూడు బ్యాచ్‌లకు వేశారు కదా.

చాక్‌పీస్:
బటన్ ఇస్తే ముప్పై బ్యాచ్‌లకు వేస్తారు. ప్రతి బ్యాచ్‌కీ నాకు డబ్బు ఇస్తామని రాసిస్తే ఫైలు రేపే ఇవ్వమంటాను. అప్పటిదాకా నా మాట మారదు.

నైట్‌డ్యూటీ_పాడేరు:
మీకు జరిగింది అన్యాయమే మేడమ్. జీతం మాట తెలియక అన్నాను. కానీ వాళ్లు మీకు రాసిచ్చేదాకా నేను ఆగలేను, శనివారమే పరీక్ష.

చాక్‌పీస్:
ఆ కన్‌సైన్‌మెంట్ లెక్కలో ఇంకేం చెప్పారు?

నైట్‌డ్యూటీ_పాడేరు:
100 పెట్టెలు, ఒక్కోటి 1,000. అమ్మకుండా మిగిలినవి 25. మిగిలిన సరుకు విలువ 27,000 అని నోటితో చెప్పారు. ఏజెంటు ఖర్చులేమీ లేవు.

చాక్‌పీస్:
అయితే అది 8,000. సరుకు లక్షకు పంపిన ఖర్చు కలిపితే లక్షా ఎనిమిది వేలు, అందులో నాలుగో వంతు 27,000. 3,000 అయితే 25,750 రావాలి. మిగిలిన అంకెలు కూడా ఇక్కడే పెట్టు.